సొరైదా చేతుల మీద నీళ్ళు

మా ఇంటి గోడలు చీల్చి పరిచిన వెదురువి. పొద్దున్నే ఎండ ఆ సందుల్లోంచి దూరి, బోర్లా పడుకున్న నా మొగుడు యాండ్రి వీపు మీద సన్నటి చారలు గీస్తుంది. పెళ్ళయిన కొత్తలో నేను రోజూ ఆ చారల్ని వేలితో దిద్దేదాన్ని. అతను నిద్రలోనే నవ్వేవాడు. కింద వంటింట్లో మా అత్త అగ్రిపీనా బొగ్గుల మీద అరటికాయలు కాల్చే వాసన మెట్లెక్కి వచ్చేది. కాల్చిన కాయను రాతితో చితక్కొట్టి, వేరుశనగలూ మొక్కజొన్నా వేయించి దంచిన పొడి చల్లుకుని, నల్ల కాఫీతో తింటాం. పోర్తోవియేహో పట్నంలో కాలేజీ చదువు చదివి, డిగ్రీ పటం కట్టించుకున్నదాన్ని నేను. సంతోషం ఇంత చవగ్గా దొరుకుతుందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

ఆ సంతోషంలో ఒకే ఒక్క ముల్లు. దాని పేరు సొరైదా.

వెదురంటే ఏటి ఒడ్డున పెరిగేది అంటారు పల్లం వాళ్ళు. మా కొండ ఊరు లోమా సేకాలో ఏరు లేదు. జనవరిలో మొదలైన వాన ఏప్రిల్ కల్లా చేతులు దులుపుకుని పోతుంది. ఆ తర్వాత కొండంతా బూడిద రంగే. అలాంటి కొండ మీద యాండ్రి తాత వెదురు పెంచాడు, ఇప్పుడు యాండ్రి పెంచుతున్నాడు. మోకాలి లోతు గుంట తవ్వి, అడుగున కుళ్ళిన అరటిబోదె ముక్కలు పరుస్తారు. పక్కనే తోడుగా ఒక అరటి పిలక పెడతారు, అది నీడా ఇస్తుంది, నీళ్ళూ దాచుకుంటుంది. పైన మందంగా ఎండాకు కప్పుతారు. చివరగా ఒక పాత వెదురు గొట్టాన్ని మొక్క పక్కన దిగేస్తారు. దాన్నిండా నీళ్ళు పోస్తే, అడుగు కణుపు దగ్గర పెట్టిన సూది బెజ్జంలోంచి చుక్కచుక్కగా వేరుకు దిగుతాయి.

ఇవన్నీ ఎవరైనా చెయ్యొచ్చు. పిలకను గుంటలో పెట్టే చెయ్యి మాత్రం చలవ చెయ్యి అయి ఉండాలి. వేడి చెయ్యి తగిలితే వేరు మాడిపోతుందని మా కొండల్లో నమ్మకం. ఇంకో పద్ధతి కూడా ఉంది. పిలక పెట్టి మన్ను అదిమాక, ఆ మట్టి చేతుల మీద ఇంటి యజమాని ఆనపబుర్రతో నీళ్ళు పొయ్యాలి. ఆ చేతులు కడిగిన నీళ్ళే మొక్కకు మొదటి నీళ్ళు.

కొండల్లో చలవ చెయ్యి సొరైదాది. కాబట్టి ఏటా వానలు పడగానే నా మొగుడు సొరైదా చేతుల మీద నీళ్ళు పోస్తాడు. గుంట గుంటకీ పోస్తాడు.

వాళ్ళిద్దరికీ ఒకప్పుడు పెళ్ళి అనుకుని తప్పిపోయిందన్న సంగతి నాకు మా పెళ్ళి డాన్సులోనే తెలిసింది. నోటినిండా కేకు పెట్టుకున్న ఒకావిడ, పాపం, నా మేలు కోరి చెప్పింది.

నా చెయ్యి ఎలాంటిదో మా అత్త మొదటి వారంలోనే చూసింది. అరచేతిని తన చెంపకు ఆనించుకుని ఉలిక్కిపడింది.

“అమ్మో, పెనమే! దీని మీద రొట్టె కాల్చుకోవచ్చు.”

“వేడి చెయ్యి మంచిది కాదా అత్తా?”

“ఎందుక్కాదూ? కడుపునొప్పికి కాపడం పెట్టడానికి మంచిది. నా మొక్కల జోలికి మాత్రం రాకు, నీకు పుణ్యముంటుంది.”

నేను పంతం కొద్దీ డబ్బాల్లో కొత్తిమీరా టమాటా వేశాను. ప్రేమ పట్టలేక గంటకోసారి నీళ్ళు పోశాను. అవి నా ప్రేమను తట్టుకోలేక కుళ్ళిపోయాయి. “చూశావా?” అంది మా అత్త, పందెం గెలిచినట్టు. యాండ్రి నా అరచేతిని ముద్దుపెట్టుకుని, “నాకు వేడే ఇష్టం బక్కదానా” అన్నాడు. ఆ ముద్దుతో రెండు రోజులు గడిచాయి. మూడో రోజు వాన పడింది. సొరైదా వచ్చింది.

అందగత్తె అయితే నాకింత బాధ ఉండేది కాదు. అందం అయితే పోటీ పడొచ్చు, పెదవులకు రంగు వేసుకోవచ్చు. సొరైదాది మామూలు ముఖం, పెద్ద పాదాలు, తాపీ నడక. ఆ తాపీయే నన్ను చంపింది. మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. గుమ్మం దాటి నేరుగా వెళ్ళి చూరులోంచి ఆనపబుర్ర తీసి యాండ్రి చేతికిచ్చింది. నేను దాన్ని పొద్దుటినుంచీ వెతుకుతున్నాను.

“ఏం కొత్తపెళ్ళికూతురా, బాగున్నావా? చిక్కిపోయావే. మీ అత్త తిండి పెట్టట్లేదా?”

“నేనెప్పుడూ ఇంతే సొరైదా” అన్నాను. అందరూ ఆమెను అక్కా అంటారు. నాకు నోరు రాలేదు.

చింతచెట్టు కింద సంచుల్లో పిలకలు వరసగా ఉన్నాయి. నేను ఒక్కో సంచీ అందించాలి, ఆమె పెట్టాలి, అతను పొయ్యాలి. సొరైదా మోకాళ్ళ మీద కూర్చుని, పిలకను పసిపిల్లను పడుకోబెట్టినట్టు కొంచెం వాల్చి, మన్ను అదిమి, రెండు చేతులూ చాపేది. యాండ్రి వంగి, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోసేవాడు. నీళ్ళు ఆమె వేళ్ళ మధ్యనుంచి జారేవి. అయిపోయాక ఆమె చేతులు విదిలిస్తే తుంపర్లు అతని ముఖం మీద పడేవి. అతను నవ్వేవాడు. నాకు లోపల ఏదో కాలి మాడేది.

“మీ నాన్న గాడిద గుర్తుందా?” అన్నాడు.

“నువ్వెక్కితే కదలనిదేనా? నేనెక్కితే బాగానే నడిచేదే!”

“నీకు దాని భాష వచ్చుగా మరి!”

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నాకు గాడిదలతో పరిచయం లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి అరటికాయలు నిప్పుల మీద పడేసి నిలబడ్డాను. కాసేపటికి మా అత్త తలుపు దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చింది.

“ఈ పొగ పొయ్యిలోంచా, నీలోంచా అమ్మాయ్?”

సాయంత్రానికి కింది వరసలు పూర్తయ్యాయి. పై వరసలు మర్నాటికి మిగిలాయి. మర్నాడు నీళ్ళ ట్యాంకరు దారిలో బురదలో దిగబడిందని కబురొచ్చింది. యాండ్రి దాన్ని లాగించడానికి ట్రాక్టరు కోసం హిపిహాపా టౌనుకు వెళ్ళే బండెక్కాడు. ఆ బండిలోనే మా అత్త కూడా ఎక్కింది, తన కీళ్ళనొప్పుల మందు కోసం. పోతూపోతూ నాకు అప్పగించింది.

“మన్ను తడి ఆరకముందే పై వరసలు అయిపోవాలి. ఇంటాయన లేకపోతే ఇంటావిడ పోస్తుంది నీళ్ళు. నువ్వు పొయ్యి. పొయ్యడం వరకే సుమా, పిలకను ముట్టుకున్నావంటే ఊరుకోను.”

అంటే ఇప్పుడు ఆమె చేతులు నేను కడగాలి. ఆనపబుర్ర పట్టుకుని చింతచెట్టు దగ్గరకు నడుస్తుంటే ఆ నీళ్ళు మరిగిపోతాయేమో అనిపించింది.

సొరైదా చెట్టు కింద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. పక్కన చెప్పులు. మోకాలు కూడా వంచలేదు.

“నువ్వు నాటు” అంది.

“ఏంటీ?”

“నువ్వు నాటు. నేను పోస్తాను.”

“వెక్కిరిస్తున్నావా? నాది వేడి చెయ్యని కొండంతా చాటింపు వేసింది మా అత్త.”

“అందుకే అడుగుతున్నా” అంది సొరైదా. అప్పుడు మొదటిసారి ఆమె గొంతులో ఆ తాపీ లేదు. “విల్మెర్ అని ఒకతను, ప్వెర్తో కాయో రేవులో చేపలకు ఐసు బండి తోలుతాడు. నన్ను చేసుకుంటానంటున్నాడు. మా నాన్న వద్దంటున్నాడు. పెళ్ళయిన ఆడదాని చెయ్యి వేడెక్కుతుందట. నా చెయ్యి చెడితే కొండల్లో వెదురు ఎవరు నాటుతారని ఇంటింటికీ వెళ్ళి అడుగుతున్నాడు. అందరూ ఆయన మాటే నిజమంటున్నారు. పిలకల్ని పెంచడానికి నేను ఒంటిగా మిగిలిపోవాలి.”

నాకు జాలి వేయాలి. వేసింది కూడా. కానీ అంతలో ఆమె ఇంకో మాట అంది.

“నీ మొగుడి విషయంలోనూ ఇదే జరిగింది. మీ అత్తే ఆపింది. ఈ పిల్లను ఇంటికి తెచ్చుకుంటే నా కొండ ఎండిపోతుంది అంది.”

జాలి ఎగిరిపోయింది. యాండ్రి ఆమెను వదిలెయ్యలేదన్నమాట. మనసు మారలేదన్నమాట. ఆమె చెయ్యి చల్లగా ఉన్నందుకు ఆమె మిగిలిపోయింది, నా చెయ్యి కాలుతున్నందుకు నేను పెళ్ళాన్నయ్యాను. అతను ముద్దుపెట్టుకున్న ఆ అరచేతిని చూసుకుంటే దాన్ని నరికేసుకోవాలనిపించింది.

“నేను నాటితే చచ్చిపోతాయి” అన్నాను.

“చస్తే నా చేతి పేరు పోతుంది. నేను పోతాను, ఐసు బండెక్కి.”

“యాండ్రి వెదురు పోతుందిగా!”

“అందుకే బాగా నాటు. బతికితే వేడి చేతికీ వెదురు నిలుస్తుందని తేలుతుంది, అప్పుడూ పోతాను” అని లేచి నా చేతిలోంచి ఆనపబుర్ర లాక్కుంది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె కోసం కాదు, నిజం చెప్పాలంటే. ఆ కొండ మీద ఒక్క వెదురైనా నాది అని ఉండాలనిపించింది. ముందురోజు కళ్ళు మండుతున్నా ఆమె చేసిన ప్రతి కదలికా చూశాను కదా, అదే చేశాను. కొంచెం వాల్చడం, వేళ్ళ కొసలతో మన్ను సర్దడం, మణికట్టుతో అదమడం. చేతులు చాపితే సొరైదా నీళ్ళు పోసింది. చల్లగా ఉన్నాయి. నాకు తెలియకుండానే నవ్వాను. రెండో వరసలో చేతులు విదిలించి ఆమె ముఖం మీద తుంపర్లు కొట్టాను. “ఓసి దయ్యమా!” అంది ఆమె.

సాయంత్రం ట్యాంకరుతో పాటు యాండ్రి వచ్చాడు. పై వరసలు చూసి మురిసిపోయాడు. నేను మురియలేదు. నీళ్ళ తొట్టి దగ్గర అతని చొక్కా ఉతుకుతూ అడిగాను.

“సొరైదా చెయ్యి చల్లనిది కాకపోతే ఆమెనే చేసుకునేవాడివా?”

అతను తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషితో కాపురం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

“చేసుకునేవాణ్ణేమో. అప్పటికి నువ్వున్నావని నాకు తెలీదు కదే.”

చొక్కా బకెట్లో పడేసి వచ్చేశాను. అతను ఎక్కడెక్కడో తిరిగి ఒక మామిడిపండు తెచ్చి, తొక్క తీసి, ముక్క నా నోటి దగ్గర పట్టుకున్నాడు. నోరు తెరవకూడదనుకున్నాను. కానీ అది చాలా మంచి మామిడి.

వానలు పోయాయి. కొండ బూడిదయింది. చెట్లన్నీ ఆకులు రాల్చి బొమికల్లా నిలబడ్డాయి. అప్పటినుంచి నా ప్రాణమంతా పై వరసల్లోనే ఉంది. రోజూ ఎండ ఎక్కకముందే బిందెతో కొండెక్కి వెదురు గొట్టాల్లో నీళ్ళు నింపేదాన్ని. కొత్తిమీరను చంపిన ప్రేమ గుర్తుంది కాబట్టి గొట్టానికి మించి చుక్క పోసేదాన్ని కాదు. కింది వరసల గొట్టాలు నింపేటప్పుడు చెయ్యి వెనక్కి లాగేది. ఆ ఒక్కో మొక్క మొదట్లో నా మొగుడి నవ్వు ఇంకి ఉంది. అయినా నింపాను, మూతి ముడుచుకుని. కిందా పైనా కొన్ని చచ్చాయి. మిగిలినవి నిలబడ్డాయి. నడిఎండల్లో నా వరసలో ఒక పిలక సన్నటి కొత్త కొమ్ము తీసింది. అక్కడే చతికిలబడి దానితో కబుర్లు చెప్పాను.

కానీ ఇంట్లో పేరంతా సొరైదాదే. “ఎంత చలవ చెయ్యి!” అనేది మా అత్త. “పై వరసలు చూస్తే కళ్ళు చల్లబడుతున్నాయి” అనేవాడు యాండ్రి. నేను పెంచిన బిడ్డను చూసి ఇంకొకామెకు దిష్టి తీసినట్టుండేది.

ఒక ఆదివారం సొరైదా తండ్రి కొలోన్ కూతుర్ని వెంటపెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో పెద్దది కాబట్టి మా అత్త చేత కూతురికి బుద్ధి చెప్పించాలని ఆయన ఆలోచన. మా అత్త వేరుశనగ పులుసు కాచింది, చేపా అరటి ముద్దలూ వేసి. అందరం వాకిట్లో కూర్చున్నాం. యాండ్రి ఐసు వేసిన చింతపండు నీళ్ళ కూజా ఒళ్ళో పెట్టుకుని అందరికీ వంచుతున్నాడు.

“చూడు తల్లీ” అంది మా అత్త. “ఈ ఏడు నువ్వు పెట్టిన పై వరసలు చూశావా? ఇంత కరువులో కొమ్ములు తీశాయి. దేవుడిచ్చిన చేతిని ఐసు బండివాడికి ధారపోస్తావా?”

సొరైదా నా వైపు చూసింది. నేను గిన్నెలోకి చూశాను. నోరు విప్పితే ఆమెకు మేలు, విప్పకపోతే నేను మా అత్త చివాట్లు తప్పించుకోవచ్చు. అలా లెక్కలు వేసుకుంటూ ఉండగా యాండ్రి అన్నాడు.

“నిజమే సొరైదా. ఆ పై వరసలు నువ్వు మనసు పెట్టి నాటావు. కింది వాటికంటే అవే ముద్దొస్తాయి.”

ఇక ఆగలేదు.

“అవి నేను నాటాను!”

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

“నేను! ఈ వేడి చేత్తో! మీ సొరైదా కాదు. కొమ్ము తీసింది నా మొక్క. ముద్దొచ్చేది నా మొక్క!”

“దీనికి ఎండదెబ్బ తగిలింది” అంది మా అత్త.

“నిజం అత్తా” అంది సొరైదా. ముఖం వెలిగిపోతోంది. “నేను ఒక్క పిలకా ముట్టుకోలేదు. ఆ పిల్లే నాటింది.”

మా అత్త నా చెయ్యి గుంజుకుని చెంపకు ఆనించుకుంది. “పెనమే! ఇప్పటికీ పెనమే!”

కొలోన్ మాత్రం కంగారు పడలేదు. మీసం తుడుచుకుని, “మరి నీళ్ళెవరు పోశారు?” అన్నాడు.

“నేనే” అంది సొరైదా.

“అదీ! చలవంతా నీళ్ళు పోసిన చేతిది. నా కూతురి చలవ ఎక్కడికి పోతుంది? పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు.”

సొరైదా ముఖం ఆరిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసినా ఆ మొక్కలు మళ్ళీ ఆమెవే అయ్యాయి. ఆ మంటలోనే నా చదువు పనికొచ్చింది.

“ఆగండి బాబాయ్. పోసిన చెయ్యిదే చలవ అంటారు, అంతేనా?”

“అంతే.”

“అయితే ఇన్నేళ్ళూ మా కొండ మీద సొరైదా నాటిన ప్రతి మొక్కకీ నీళ్ళు పోసింది ఎవరు?”

అందరూ తలలు తిప్పారు. యాండ్రి నోట్లో అరటి ముద్ద ఉంది. మింగలేదు. మా అత్త కూజా మీదనుంచి అతని చెయ్యి తీసి చెంపకు ఆనించుకుంది. కెవ్వున అరిచి సిలువ గుర్తు వేసుకుంది.

“ఏసు ప్రభూ! మంచుగడ్డ! ఇన్నాళ్ళూ నా కడుపున పుట్టిన చలవను ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికానురా నాయనా!”

“అమ్మా, కూజాలో ఐసు...”

“నోర్ముయ్యి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే!”

కొలోన్ కూడా వచ్చి తాకి చూశాడు. మొగవాడి చెయ్యి, అందులోనూ పెళ్ళయిన మొగవాడిది. వేడెక్కలేదు. ఇక కూతుర్ని ఆపడానికి ఆయన దగ్గర కారణం మిగల్లేదు. సొరైదా పులుసు ఇంకో గిన్నె పెట్టించుకుని తింది. ఆ నెలలోనే ఐసు బండి వచ్చి ఆమెను తీసుకుపోయింది. చేపల వాసన కొట్టే ఆ బండి మలుపు తిరిగేదాకా యాండ్రి చూస్తూ నిలబడ్డాడు. నేను అతన్ని చూస్తూ నిలబడ్డాను. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

పోనీలే, ఇక చల్లబడతాను అనుకున్నాను. కానీ మళ్ళీ వానలు పడీ పడకముందే మా గుమ్మం ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. వెదురు ఎవరైనా నాటొచ్చు, నీళ్ళు మాత్రం యాండ్రి పొయ్యాలి. మొదటి పిలుపు మా పెళ్ళి డాన్సులోని ఆ కేకు ఆవిడ చెల్లెలి దగ్గరనుంచి వచ్చింది. ఆమె భర్త పోయి ఏడాది దాటింది, బుగ్గన సొట్ట ఉంది, చేతులకు కొత్తగా గోళ్ళరంగు వేసుకుంది. పిలకను గుంటలో పెట్టి, మన్ను అదిమి, రెండు చేతులూ నా మొగుడి ముందు చాపింది.

“పొయ్యి బాబూ యాండ్రీ, నెమ్మదిగా పొయ్యి.”

అతను ఆనపబుర్ర వంచబోయాడు. నేను గట్టు దిగి, ఆమెను భుజంతో కాస్త పక్కకు జరిపి, మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“ఇదేంటమ్మాయ్?” అంది ఆవిడ.

“ఈ కొండల్లో ఎవరి వెదురైనా నేనే నాటి పెడతాను అక్కా. ఎన్నైనా నాటుతాను. నడుము విరిగినా సరే. ఇతను నీళ్ళు పొయ్యాల్సింది నా చేతుల మీదే.”

ఆ రోజు నాటాల్సిన గుంటలు కొండ చివరిదాకా ఉన్నాయి. యాండ్రి నవ్వు ఆపుకోలేక బుర్రలో సగం నీళ్ళు నా నెత్తిన పోశాడు. మిగతా సగం చేతుల మీద పోశాడు.